చెరిగిన మీటలకు మళ్లీ అక్షరం

పాత టైపు మిషను కనబడితే ఎవరైనా ముందు రిబ్బను ఉందా, క్యారేజీ కదులుతోందా అని చూస్తారు. నా చూపు మాత్రం మీటల మీదికి పోతుంది. ఆ మిషను ఎక్కడ బతికిందో అవే చెప్పేస్తాయి. ఇన్‌స్టిట్యూట్ మిషనైతే ఎ, ఎస్, డి, ఎఫ్ మీటల మీది అక్షరాలు ముందు పోతాయి. చేరిన ప్రతి విద్యార్థీ మొదటి పాఠం వాటి మీదే కొడతాడు మరి. కోర్టు ముందు చెట్టు కింద అఫిడవిట్లు కొట్టిన మిషనైతే ఇ, టి మీటలు అరుగుతాయి. ఇంగ్లిషు రాతలో ఎక్కువ పడే అక్షరాలు అవే. స్పేస్ బారు కుడి సగం నునుపెక్కి మెరుస్తుంటే, దాని ముందు కూర్చున్నవాళ్లు పద్ధతిగా కుడి బొటనవేలితో కొట్టారని అర్థం.

ఈ అరుగుదలలో రెండు సంగతులున్నాయి. అక్షరం చెరిగిపోవడం ఒకటి, మీట నడుమ వేలి మేర పల్లం పడటం ఇంకొకటి. మొదటిదాన్ని బాగుచేయాలి, రెండోదాన్ని ముట్టుకోకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. పల్లంలో లప్పం నింపి, సాపు చేసి, రంగు వేసేవాళ్లను చూశాను. చూడటానికి కొత్తగానే ఉంటుంది కానీ వేలు ఆనుకునే చోటు పోతుంది. అది ఏళ్ల తరబడి మనుషులు కొట్టగా ఏర్పడినది, మళ్లీ తెచ్చి పెట్టలేం. అక్షరం అలా కాదు. తర్వాత నేర్చుకోబోయేవాడికి అది కనబడి తీరాలి. టైపు వచ్చినవాళ్లు మీటలు చూడకుండానే కొడతారు, నిజమే. వాళ్లూ మొదట్లో చూసి నేర్చుకున్నవాళ్లే కదా.

బాగుచేసే తీరు మీటను బట్టి ఉంటుంది. 1900లో వచ్చిన అండర్‌వుడ్ 5 లాంటి పాత మిషన్లలో అక్షరం కాగితపు బిళ్ల మీద అచ్చయి ఉంటుంది. దాని పైన గాజు బిళ్లో, సెల్యులాయిడ్ బిళ్లో, చుట్టూ నికెల్ పూత రింగు. వీటికి నీళ్లే శత్రువు. రింగు సందులోంచి ఒక్క చుక్క లోపలికి దిగితే కాగితం మరకలు పడుతుంది. తడి పిండేసిన గుడ్డతో పైపైన తుడవడం తప్ప ఇంకేం చేయకూడదు. రింగు ఊడదీసి బిళ్ల మార్చడానికి ప్రత్యేకమైన పట్టకారు కావాలి. మామూలు కటింగ్ ప్లేయరుతో తిప్పారో, రింగు నొక్కుకుపోతుంది, గాజు పగులుతుంది. సెల్యులాయిడ్‌ను నైట్రోసెల్యులోజ్, కర్పూరం కలిపి చేస్తారు. కాబట్టి దాని దగ్గర నిప్పు వద్దు. అసిటోన్ తగిలితే కరిగిపోతుంది కాబట్టి నెయిల్ పాలిష్ తుడిచే ద్రవమూ వద్దు.

మన ఊళ్లలో ఇంకా దొరుకుతున్నవి ఎక్కువగా ప్లాస్టిక్ మీటల మిషన్లు. వాటిలో అక్షరాన్ని లోతుగా చెక్కి తెల్ల రంగు నింపిన రకం ఉంటే చేతికి పని దొరికినట్టే. అక్షరం పోయిందనుకుంటాం కానీ చాలాసార్లు పోయేది రంగే, గాడి అలాగే ఉంటుంది. మీటను వెలుతురుకు ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. ముందు ఆ గాడిలో గట్టిపడిన జిడ్డు తీయాలి. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి, మెత్తటి టూత్‌బ్రష్‌ను ముంచి, విదిలించి, ఒక్కో మీటనూ రుద్దాలి. మీటల కింద లీవర్ల మీద పాత గుడ్డ పరిస్తే నీళ్లు లోపలికి దిగవు. బాగా ఆరనిచ్చాక ఎనామెల్ రంగును పళ్లపుల్ల మొనతో గాడిలోకి జార్చాలి. కాస్త బిగుసుకునేదాకా ఆగి, పోస్టుకార్డు అంచుతో మీట మీద అడ్డంగా ఒక్కసారి లాగాలి. పైన మిగిలిన రంగు కార్డుకు వచ్చేస్తుంది, గాడిలోది అక్కడే ఉంటుంది. గుడ్డతో తుడిస్తే మాత్రం అది గాడిలోకి దూరి రంగంతా లాగేస్తుంది.

డబ్బాలోని తెలుపును ఉన్నదున్నట్టు వేయవద్దు. పక్క మీటల మీది పాత తెలుపు ఇప్పటికి మీగడ రంగుకు తిరిగి ఉంటుంది. దాని పక్కన కొత్త తెలుపు కంట్లో గుచ్చుకుంటుంది. పుల్ల మొన మీద రవ్వంత పసుపు రంగు కలిపితే రెండూ కలిసిపోతాయి.

తెలుగు మిషను సంగతి వేరు. అక్కడ మీట మీద ఉండేది ప్రతిసారీ పూర్తి అక్షరం కాదు. ఒకచోట తలకట్టు, ఇంకోచోట గుడి, మరోచోట వత్తు. కొన్ని మీటలు కొడితే క్యారేజీ కదలదు, అక్షరమూ గుర్తూ ఒకేచోట పడాలి గనుక. ఇంగ్లిషు మీట చెరిగితే ఏ కంప్యూటర్ కీబోర్డు చూసినా దాని అక్షరం తెలుస్తుంది. తెలుగు మీట చెరిగితే చెప్పేది ఆ మిషను ఒక్కటే. అందుకే రంగు డబ్బా తెరవక ముందే కాగితం ఎక్కించి, ప్రతి మీటనూ విడిగా ఒకసారి, షిఫ్టుతో ఒకసారి కొట్టి పట్టిక తయారుచేసుకోవాలి. మీట మీద ఏం రాయాలో ఆ కాగితమే చెబుతుంది.

గోద్రెజ్ సంస్థ 1955లో టైపు మిషన్ల తయారీ మొదలుపెట్టి 2009లో ఆపేసింది. ఇప్పుడు మీట విరిగితే ఇంకో పాడైన మిషను నుంచి తెచ్చి అతికించాల్సిందే. ఇలాంటి రోజుల్లో విదేశాల్లో పాత మిషన్ల గాజు మీటల్ని కత్తిరించి ఉంగరాలు, చెవిపోగులు చేసి అమ్ముతున్నారు. అది నేను ఏమాత్రం ఒప్పుకోలేను. మీటలు కోసేసిన మిషను ఇంక ఎవరికీ పనికిరాదు. అలాంటి నగ ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దని నా మనవి.

మీ ఇంటి అటక మీద తాతగారి మిషనో, మూసేసిన ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చేసిన మిషనో ఉంటే పాత ఇనుము కింద తూకానికి వేయకండి. కిందికి దించి దుమ్ము దులపండి. అది తెలుగు మిషనైతే పైన చెప్పిన పట్టిక కొట్టి, ఒక కాగితం మూతలో దాచండి, ఇంకొకటి ఫొటో తీసి పెట్టుకోండి. రంగు వేయడం తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. థిన్నరు మాత్రం మీటల దగ్గరికి రానివ్వకండి.