పండగ వారంలో ఒక పూట సముద్రం

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే పిల్లలు గుడివాడలో దిగీ దిగగానే అడిగే మాట ఒకటే: సముద్రానికి ఎప్పుడు తీసుకెళ్తారు? అడగడంలో తప్పేముంది? గుడ్లవల్లేరు, కవుతరం, పెడన దాటితే గంటలో బందరు. అక్కణ్ణుంచి మంగినపూడి బీచ్ 11 కిలోమీటర్లు. కానీ పండగ వారంలో ఆ దారి పట్టినవాళ్ళకు సముద్రం కన్నా ముందు కార్ల వరస కనిపిస్తుంది. అలల చప్పుడు కన్నా ముందు స్పీకర్ల మోత వినిపిస్తుంది. ఏడాదికోసారి సముద్రాన్ని చూసే పిల్లలకు ఆ ఒక్క పూటా నెమ్మదిగా చూపించాలన్నది నా పట్టుదల. అందుకే అరిసెల బియ్యం సంగతి మాట్లాడుకోకముందే ఈ ప్రయాణం గురించి కూర్చుని ఆలోచిస్తాను.

జనం లేని తీరం ఎక్కడుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఎవరూ ఎరగని తీరమంటూ కృష్ణా జిల్లాలో ఇప్పుడేదీ మిగల్లేదు. ఫోన్లో మ్యాప్ తెరిస్తే పాలకాయతిప్ప దాకా దారి చూపిస్తుంది. కొత్త చోటు కోసం వెతకడం మానేసి, పండగ ఏ రోజు ఎవరిని ఎక్కడ ఉంచుతుందో చూడటం మొదలుపెట్టాక నాకు పని సులువైంది.

భోగి నాడు తెల్లవారుజామున మంటలు, తలంట్లు, సాయంత్రం పిల్లలకు భోగిపళ్ళు. ఇల్లు దాటడానికి ఎవరికీ తీరిక ఉండదు. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకోవాలి. ఆ రోజు సముద్రానికి పోదామంటే మా అత్తగారు ఒప్పుకోరు, నాకూ మనసొప్పదు. కనుమ పశువుల పండగ. ఎడ్లను బండికి కట్టని రోజు కాబట్టి ‘కనుమ నాడు కాకైనా కదలదు’ అని పెద్దలు ప్రయాణాలకు అడ్డం చెప్పేవారు. ఇప్పుడు బండ్లు లేవు, కార్లున్నాయి. గారెలూ కోడికూరా తిన్నాక, మధ్యాహ్నం మూడింటికల్లా ఇళ్ళకు ఇళ్ళే బయలుదేరుతున్నాయి. ఆ సాయంత్రం మొదలైన రద్దీ ముక్కనుమ దాటి, సెలవులు అయ్యేదాకా మంగినపూడిలో తగ్గదు. కోడిపందేల బరులున్న ఊళ్ళ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా బండ్లు ఆపేస్తారు కాబట్టి దారిలోనూ అదే అవస్థ.

ఇదంతా పక్కన పెట్టి చూస్తే తేలిగ్గా కనిపించే రోజు ఒకటుంది: భోగికి ముందు రోజు. బడులకు సెలవులు ఇచ్చేసి ఉంటారు. ఊళ్ళో ఆడవాళ్ళు పిండివంటల్లో, మగవాళ్ళు బజారు పనుల్లో ఉంటారు. పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఇంకా దారిలోనే ఉంటారు. అది ఆదివారం పడిన ఏడు మాత్రం ఇంకో రోజు వెనక్కి జరుపుతాను.

చిక్కంతా మనవాళ్ళను ఆ రోజుకల్లా ఊళ్ళో ఉంచడంలోనే ఉంది. భోగి ముందు రాత్రి హైదరాబాదులో బయలుదేరితే పంతంగి టోల్‌ప్లాజా దగ్గరే సగం ఉత్సాహం ఆవిరైపోతుంది. రైలు మేలు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి నవంబరు రెండో వారంలోనే మా మరిదికి ఫోన్ చేస్తాను. ‘‘ఒక్క రోజు ముందు సెలవు పెట్టు బాబూ, పిల్లలకు సముద్రం చూపిస్తాను’’ అంటే, ‘‘నువ్వు చెప్తే పెట్టకుండా ఎలా ఉంటాను వదినా’’ అంటాడు. ఆ సెలవు మంజూరైందంటే సగం పని అయిపోయినట్టే.

తరవాత చూడాల్సింది పంచాంగం. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, సముద్రంలో పోటూ పాటూ ప్రధానంగా చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. అందుకే జనవరిలో పండగ తేదీ దాదాపు మారకపోయినా నీటి నడత ఏ ఏటికాయేడు వేరు. 2025లో భోగి నాడే పౌర్ణమి వచ్చింది. 2026లో కనుమ వెళ్ళిన రెండో రోజున అమావాస్య. 2027లో పండగ రోజులు శుద్ధ అష్టమి చుట్టూ పడతాయి. పున్నమికీ అమావాస్యకూ పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా లాగుతుంది. అష్టమి దగ్గర నీరు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. చిన్నపిల్లలున్న ఇంటికి అష్టమి దగ్గరి రోజులే హాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, నిరుడు పొద్దున పోటు చూశాం కదా అని ఈ ఏడూ అదే వేళకు పోతే కుదరదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల అంచనాలు రోజూ ఇస్తుంది. బయలుదేరే ముందు రాత్రి అది చూసి, గిలకలదిండి హార్బరు వైపు తెలిసినవాళ్ళుంటే వాళ్ళనూ ఒక మాట అడుగుతాను.

ఇక ఏ తీరం? మంగినపూడిలో లోతు తక్కువ, నల్లటి మట్టి నేల, నీళ్ళు చాలా దూరం మోకాలి లోతులోనే ఉంటాయి. పొద్దున్నే వెళ్ళి తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టగలిగితే అదీ మంచిదే. పూట మొత్తం గడపాలంటే మాత్రం నా ఓటు హంసలదీవికి. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా పోతే పులిగడ్డ అక్విడక్ట్ వస్తుంది. కింద కృష్ణ పాయ, పైన సాగునీటి కాలవ. అది దాటితే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు మీదుగా ఇంటి నుంచి రెండున్నర గంటల పైనే పడుతుంది. జనవరిలో తెల్లవారుజామున కాలవ గట్ల మీద పొగమంచు దట్టంగా ఉంటుంది, కొన్నిచోట్ల రోడ్డు మీదే వడ్లు ఆరబోసి ఉంటారు. అందుకని సూర్యోదయం చూడాలన్న ఆశ వదులుకుని వెలుగు వచ్చాకే బయలుదేరుతాం. ఆలస్యంగా బయలుదేరినందుకు దారే మంచి బహుమానం ఇస్తుంది. కోసిన మాగాణుల్లో మినుము పచ్చగా లేచి ఉంటుంది. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, ఇంకా తడి ఉండగానే చేలో విత్తనం చల్లేస్తారు. ఆ తడితోనూ మంచుతోనూ పెరిగే పంట అది. కనుమ గారెల్లో మినప్పప్పు ఎక్కడిదో పిల్లలకు బండి ఆపి చూపిస్తాను.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, పాలకాయతిప్ప దగ్గర అటవీ శాఖ చెక్‌పోస్టు దాటితే మడ అడవులు, ఆ వెనక ఇసుక. సముద్రం కనపడగానే పిల్లల్ని పరిగెత్తనివ్వను, తడి ఇసుక మీద ఒక చోట కూర్చోబెడతాను. మనం అడుగుపెట్టగానే ఎర్ర పీతలన్నీ బొరియల్లోకి దూరిపోతాయి. కాసేపు కదలకుండా ఉంటే ముందు కొయ్యల్లాంటి రెండు కళ్ళు పైకొస్తాయి, తరవాత ఒక పక్క కాళ్ళు. పీత ఒక్కసారి ఆగి చూసి, లోపలి నుంచి తెచ్చిన ఇసుకను పక్కకు విసిరి మళ్ళీ దిగుతుంది. మా మరిది కొడుకు ఫోన్ పక్కన పెట్టేసి, ఊపిరి బిగబట్టి ఆ బొరియ వంకే చూస్తూ కూర్చున్నాడు. నేను ఇంత ముందుగా ఏర్పాట్లన్నీ చేసేది అలాంటి కాసేపటి కోసమే. జనం ఉన్నచోట పీత పైకి రాదు.

కృష్ణ సముద్రంలో కలిసే సంగమం వైపు నీళ్ళలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వను. ఒకసారి వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి కేకేశాడు: ‘‘అమ్మా, పాటు మొదలైంది. ఇప్పుడు నీరు లోపలికి లాగుద్ది. పిల్లల్ని దిగనీమాకండి.’’ పైకి అక్కడ అల కూడా సరిగా లేదు. ఏటి నీరూ పాటు నీరూ కలిసి కడలిలోకి పోయే చోట, పైన నునుపుగా ఉన్నా అడుగున వేగం ఉంటుంది. ఆ తీరంలో సముద్రం గురించి చెప్పే మాటను ఊరికే తీసేయకూడదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. సముద్రపు నెమ్మదిని వెతుక్కుంటూ మనం వెళ్ళేది అంత చూసినవాళ్ళ ఊళ్ళకు. అది పిల్లలకు దారిలోనే చెప్తాను. భయపెట్టడానికి చెప్పను, అక్కడ గౌరవంగా మెలగాలని తెలియడానికి చెప్తాను.

జనం తక్కువున్న తీరంలో మన బాధ్యత ఎక్కువ. ఊడ్చేవాళ్ళు ఉండరు, మనం వదిలింది అక్కడే ఉంటుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకెక్కి గుడ్లు పెట్టే కాలం. పొద్దున వెళ్తే ఒక్కోసారి నీటి నుంచి ఇసుక తిన్నె దాకా ట్రాక్టరు చక్రం నడిచినట్టు జాడ కనిపిస్తుంది. దాన్ని తొక్కకుండా పక్క నుంచి పోవాలి. అటవీ శాఖవాళ్ళు ఆ గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట పొదిగిస్తారు. అలాంటి చోట చెత్త వదలకూడదు కాబట్టే మా మూటలో పులిహోర, పెరుగన్నం, మంచినీళ్ళతో పాటు ఒక ఖాళీ సంచి తప్పకుండా ఉంటుంది. తిన్న ఆకుల దగ్గర్నుంచి చాక్లెట్ కాగితం దాకా ఆ సంచిలో ఇంటికి రావాలి. పాటలు పెట్టకూడదు. చీకటి పడకముందే చెక్‌పోస్టు దాటాలి.

జనంతో కలిసి సముద్రాన్ని చూడటం తక్కువ సంగతని నేను అనను. కార్తీక పౌర్ణమికి చిలకలపూడి పాండురంగణ్ణి చూసి మంగినపూడిలో మునిగేవాళ్ళ మధ్య, మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానమాడేవాళ్ళ మధ్య నిలబడితే ఒళ్ళు పులకరిస్తుంది. ఆ రోజుల్లో రద్దీ గురించి విసుక్కోకూడదు, అవి జనం కోసం ఉన్న రోజులు. సంక్రాంతికి పిల్లలకు నెమ్మది కావాలంటే మాత్రం భోగికి ముందు రోజును ఇప్పుడే క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. దాని పక్కనే ఆ రోజు తిథి రాసుకోండి. నవంబరులో హైదరాబాదుకు మీరే ముందు ఫోన్ చేయండి.