పెద్దలకు తగిన ఫోను

ఈ వారము మా పెద్దక్క ఫోను ఒక రాత్రి తనంతట తానే క్రొత్త రూపము దాల్చినది. నిన్నటివరకు అడుగు వరుసలోనుండిన ఆకుపచ్చని గుర్తు మరియొక చోటికి పోయినది. పిలుపు వచ్చినప్పుడు ప్రక్కకు జరుపవలసిన వలయమును పైకి జరుపవలసి వచ్చినది. డెబ్బది యేండ్లు దాటిన ఆమె పొరుగింటివారి ఫోనులో నన్ను పిలిచి, "ఫోను పాడైపోయిందిరా తమ్ముడూ" అని దిగులుపడినది. చేతికి అలవాటైన మార్గమును చెప్పకయే మార్చివేయు ఈ తయారీదారుల ధోరణి నాకు మిక్కిలి కోపము తెప్పించినది.

వస్తువు తన పని తాను చేసి ఊరకుండవలెనన్న నా పాత పట్టుదల ఈ శీర్షికను విడువక చదువువారికి క్రొత్త కాదు. అందులకు నేను తరచుగా చూపు సాక్ష్యము 2003లో వెలువడిన నోకియా 1100. మాటాడుట, సందేశము పంపుట, చీకటిలో దీపము చూపుట మున్నగు కొలది పనులతోనే అది ప్రపంచమున సుమారు 25 కోట్ల చేతులకు చేరినది. మీటల ఫోనులో అయిదవ అంకెపైనుండు చిన్న పొక్కును తడిమి, చూపు మందగించినవారును తక్కిన అంకెలను పోల్చుకొనగలరు. తాకుతెర యన్ననో వ్రేలి విద్యుద్వాహకతను బట్టి స్పర్శను గుర్తించునది గావున, వార్ధక్యమున పొడిబారిన వ్రేలు ఎంత ఒత్తినను ఒక్కొక్కప్పుడు పలుకదు. 2022 నుండి యూపీఐ 123పే మూలమున మీటల ఫోనుతోడనే సొమ్ము చెల్లించు వీలును కలిగినది. ఇన్ని సుగుణములుండగా అక్కయ్యకు అట్టిదే కొనిపెట్టవలెనని నిశ్చయించితిని.

ఈ ఆలోచనలోనుండగా మా ఊరి తపాలా కచేరి జ్ఞప్తికి వచ్చినది. అక్కయ్యకు కాకినాడలో తొలి కాన్పు దినములు సమీపించినప్పుడు, ఎన్నడును ఫోను ముట్టియెరుగని మా నాయనగారు ట్రంకుకాల్ బుక్ చేసి, ఉదయము మొదలు ఆ కచేరి అరుగుపై కూర్చుండిరి. ఒక ఎక్స్‌ఛేంజి నుండి మరియొక ఎక్స్‌ఛేంజికి ఆపరేటర్లు తీగెలు కలుపగా, ఎట్టకేలకు గంట మ్రోగగనే పోస్టుమాస్టరుగారు రిసీవరును నాయనగారి చెవికి తామే ఆనించి, ఏ కొస వినునదో ఏ కొస పలుకునదో చూపి, వినరాని మాటను తాము విని మరల చెప్పి, మూడు నిమిషములు ముగియువరకు ప్రక్కనే నిలిచిరి. అంతకంటె చిక్కైన యంత్రవ్యవస్థ ఆనాడు మాకు తెలిసినది వేరొకటి లేదు. అయినను నాయనగారికి అది కష్టమనిపించలేదు, ఓపికగల మనుష్యుడొకడు తోడుండెను గనుక.

మీటల ఫోను మాట ఎత్తగనే అక్కయ్య, "వద్దురా, డల్లాస్‌లో మనవరాలు వేసే కూచిపూడి అడుగులు అందులో కనిపిస్తాయా?" అని అడిగినది. సౌలభ్యము పేర పెద్దల లోకమును కుదించుట సేవ యనిపించుకొనదు. కేవలము మాటాడుటయే చాలుననుకొనువారికి మీటల ఫోనును మించినది లేదు. కాని ఆ 'చాలు' ననవలసినవారు వారే.

కావున పాత ఫోనునే సవరించితిమి. అక్షరములను పెద్దవి చేసి, భాషను తెలుగునకు మార్చి, మొదటి తెరపై ఫోను, వాట్సాప్, కెమెరా, టార్చి మాత్రముంచి, తరచు పిలుచువారి ఛాయాచిత్రములను చేర్చితిమి. వయస్సుతో వినికిడి మొదట హెచ్చు శ్రుతియందే క్షీణించును గనుక కీచుగంటను తీసి మంద్రస్వరముగల గంటను పెట్టితిమి. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదనియు, మోసము జరిగినచో వెంటనే 1930కి ఫోను చేయవలెననియు అట్టపై వ్రాసి గోడకు తగిలించితిమి. మరల రూపము మారిన దినమున ఇంటివారిలో ఒకరు వచ్చి కూర్చుండి చూపవలెనని పిల్లలకు చెప్పితిమి.

పాఠకులారా, మీ యింటి పెద్దలకు ఫోను కొనుటకు ముందు వారికేది కావలెనో వారినే అడుగుడు. కొనిన పిదప, వారి చేయి దానికి అలవడువరకు విసుగుకొనక ప్రక్కన కూర్చుండుడు.