సందు చుక్క

కార్తీకం దగ్గరపడితే తెనాలిలో మా అమ్మ వత్తులు చేసుకుంటుంది. ఇక్కడ వెర్మాంట్‌లో నేను నల్ల ఉన్నిగుడ్డ ముక్కొకటి తీసి గరాజ్‌లో పెడతాను. పక్కనే గాజు పలక, భూతద్దం, ఫోనుకి తగిలించే బుల్లి లెన్సు. ఇవన్నీ ముందే చల్లబడి ఉండాలి. ఇంట్లోంచి వెచ్చగా పట్టుకొస్తే మంచు రేకు వాలీ వాలకముందే నీటిచుక్క అయిపోతుంది.

తొలి మంచుకి ఏటా ఇదీ నా తతంగం. ఇంట్లోవాళ్లు దీన్ని నాన్నగారి నోము అంటారు.

నిజం చెప్పాలంటే రేకులు పట్టడానికి తొలి మంచంత పనికిరానిది ఇంకోటి లేదు. అప్పటికి చలి సున్నా దగ్గరే తచ్చాడుతుంటుంది. రేకులు సగం కరిగి, ఒకదాన్నొకటి కరుచుకుని దూదిపింజల్లా దిగుతాయి. కొమ్మలు విచ్చుకున్న నక్షత్రాలు కావాలంటే మబ్బులో మైనస్ 15 డిగ్రీల చలి ఉండాలి. మైనస్ 5 దగ్గరైతే సన్నటి సూదులే. మరి మంచి రేకులు పడే జనవరిలో పట్టుకోవచ్చుగా అంటారా? అప్పటికి నా చేతిలో భూతద్దం ఉండదు, పార ఉంటుంది.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనిపించేది కూడా ఈ ఒక్కసారే. "అమ్మా, మంచు పడుతోంది." "ఇక్కడా పడుతోందిరా, ఎదురింటి అరుగు కనబడట్లేదు." పొగలా కమ్మేదానికీ, గడ్డి మీద మెరిసేదానికీ, ఆకాశం నుంచి రాలేదానికీ మనం మామూలుగా వాడేది ఒకటే మాట. మొదట్లో తేడా వివరించేవాణ్ణి. ఇప్పుడు ఊఁ అంటాను.

ఈ పిచ్చి అంటించినవాడు మా పక్క ఊరివాడే. జెరికోలో విల్సన్ బెంట్లీ అనే రైతు. 1885 జనవరి 15న, ఇరవయ్యేళ్లు నిండకుండానే, మైక్రోస్కోపుకి కెమెరా బిగించి మంచు రేకుని ఫోటో తీశాడు. 1931లో పోయేలోగా అలాంటివి 5,000కి పైగా తీశాడు. నల్లటి పలక పట్టుకుని మంచులో నిలబడేవాడు. నచ్చిన రేకుని పుల్లతో ఎత్తి గాజు మీదికి చేర్చి, ఈకతో నెమ్మదిగా అదిమేవాడు. అంతసేపూ ఊపిరి బిగబట్టాలి. ఊపిరి తగిలితే అంతే సంగతులు.

ఆ ఊళ్లో ఎర్రరంగు పాత మిల్లులో ఆయన తీసిన ఫోటోలు పెట్టారు. అక్కడ కొన్న కార్డు ఒకటి అమ్మకి పంపాను. ఆవిడ అందం మాట ఎత్తలేదు. "ఏడు చుక్కలు, నాలుగొచ్చేదాకా, సందు చుక్క" అంది, ధనుర్మాసంలో పక్కింటావిడకి ముగ్గు చెప్పినట్టు.

కాగితం మీద పెట్టి చూశాను. నడుమ వరసలో ఏడు. పైనా కిందా ఆ చుక్కల సందుల్లో ఆరేసి, వాటి సందుల్లో అయిదేసి, చివరికి నాలుగేసి. మొత్తం 37. అంచులు కలిపితే సరిగ్గా ఆరు పలకలు! చుక్కకి ఎదురుగా చుక్క పెట్టుకుంటూ పోతే నాలుగు పలకలే వచ్చేవి. మంచు రేకుకి ఆరే మూలలెందుకని కెప్లర్ 1611లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. గోళీల్లాంటివాటిని ఒత్తుగా పేరిస్తే వచ్చే అమరికలో జవాబు వెతికాడు, తేలక వదిలేశాడు. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరేసి చొప్పున వలయాలు కడతాయని చాలాకాలం తర్వాత గాని తెలియలేదు.

బెంట్లీ మీద నాకో చిన్న ఫిర్యాదు ఉంది. రేకు చుట్టూ నెగటివ్ మీది పూతని కత్తితో గీకేసి, వెనక అంతా నల్లగా వచ్చేలా చేసేవాడు. అది సరే, కళ కోసం పడ్డ పాట్లు. కానీ చక్కనివే ఏరి తీశాడు. దాంతో మంచు రేకులన్నీ తీర్చిదిద్దినట్టుంటాయని లోకం నమ్మింది. నా గుడ్డ మీద పడేవాటిలో చాలావరకు వంకరవి, విరిగినవి, రెండు అతుక్కున్నవి.

మొన్న శనివారం రాత్రి తొలి మంచు పడింది. కిటికీలోంచి చూడకుండానే తెలిసింది, వీధిలో చప్పుడు తగ్గిపోయింది. కొత్త మంచు గుల్లగా ఉండి శబ్దాన్ని పీల్చేసుకుంటుంది. లుంగీ మీదే జాకెట్ తగిలించుకుని గరాజ్‌లోకి పరిగెత్తాను. అరగంటలో పింజలే పింజలు. చివర్లో ఒకే ఒక్కటి విడిగా వాలింది. అయిదు కొమ్మలు బాగున్నాయి, ఆరోది మొండి. కరిగేలోగా ఫోటో తీసి అమ్మకి పంపాను.

తెల్లారి వాట్సాప్‌లో ఆవిడ గొంతు: "చుక్కలు సరిగానే పెట్టార్రా. కలిపేటప్పుడు ఎవరో పిలిచుంటారు."