కుడ్యముఖచిత్రములందు భయోత్సాహములు

వీరభయానకములు పరస్పరవిరుద్ధములని మన ఆలంకారికుల నిర్ణయము. ఆ రెండును ఏకాశ్రయమున పొసగవు. కావున ఆశ్రయభేదమును కల్పింపవలెనని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున పరిహారము చెప్పెను. వీరము నాయకునియందును, భయము ప్రతినాయకునియందును నిలిచినచో దోషము లేదు. భయమును, అంతర్ధైర్యమును ఒక్క ముఖముననే చూపబూనిన నేటి కుడ్యచిత్రములకు ఈ సూత్రమెంతవరకు వర్తించునో విచారింతము.

జె. ఆర్. అను పొడియక్షరములతో ప్రసిద్ధుడైన ఫ్రెంచి కళాకారుడు 2008లో బ్రెజిల్ దేశమునందలి రియో డి జనీరోలో, ప్రొవిడెన్సియా అను పేదల కొండవాడలో కూర్చిన చిత్రములు ఇందుకు తగిన లక్ష్యము. ఆ యేటి జూను మాసమున అచటి కాపుసైనికులు ముగ్గురు యువకులను పట్టి ప్రత్యర్థి ముఠాకు అప్పగింపగా వారు హతులైరి. పిమ్మట కొలదికాలమునకే జె. ఆర్. ఆ వాడ స్త్రీల ముఖములను, కన్నులను నలుపు తెలుపు ఛాయాచిత్రములుగా తీసి, పెద్దకాగితములపై ముద్రించి, నగరమునకు కనబడునట్లు ఇండ్లగోడలపై అతికించెను. ఆ చిత్రమాలకు స్త్రీలే వీరులను అర్థమిచ్చు పేరిడెను.

విప్పారిన ఆ కన్నులను విడిగా చూచినచో అవి త్రాసమును తెల్పునో, తెగువను తెల్పునో నిశ్చయింప శక్యము కాదు. నిశ్చయము గోడవలన కలుగుచున్నది. వాడను దూరమునుండి భయముతో చూచుటకు అలవడిన నగరమును ఇపుడు వాడయే చూచుచున్నది. భయమునకు ఆశ్రయము ప్రేక్షకుడగుచున్నాడు. స్త్రీల భయము నశించినదని దీని యర్థము కాదు. అది స్థాయిత్వమును కోల్పోయి, త్రాసరూపమున సంచారియై ఉత్సాహమునే పోషించుచున్నది. ఆనందవర్ధనుని సూత్రమునకు ఇచట భంగము లేదు. కాని ప్రతినాయకస్థానమున ప్రేక్షకుడు నిలిచినాడు.

పరుల దుఃఖము ప్రదర్శనవస్తువగుచున్నదని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఇదే చిత్రమాలలో, 2009లో, కెన్యాలోని కిబెరావాడ ఇండ్లకప్పులపై చిత్రములను వాననీరు చొరని వినైలు పటములపై ముద్రించి పరచిరి. చిత్రము అచట కురియు కప్పునకు మరుగైనది. ముఖము తన యింటిని వీడనంతకాలము ఆక్షేపణకు బలము తక్కువ. ఆ ముఖమునే ప్రదర్శనశాలకు కొనిపోయినచో ఆశ్రయభేదము తొలగును. మిగులునది భయము మాత్రమే.

కావున ఇట్టి చిత్రములను పరిశీలించువారు ముఖకవళికలకంటె ముందు, ఆ గోడ యెవరిది, అది యెవరివైపు తిరిగియున్నది అని ప్రశ్నింపవలెను.