పిప్పి గుట్టకు నీళ్లు

ఈ వారం ఒక పెళ్లిలో చెరకు పిప్పి పళ్లేల్లో భోజనం పెట్టారు. వేడి సాంబారు పోసినా పళ్లెం వంగలేదు, కారలేదు. 2022 జులైలో నిషేధించిన ప్లాస్టిక్ పళ్లేలు ఇంకా ఏదో ఒక మూల కనబడుతూనే ఉన్నాయని బాధపడే నాకు ప్రాణం లేచొచ్చింది. పారేయాల్సింది ఏదీ ఉండదన్నది నా పాత పట్టుదలే. తవుడు మీద రాశాను, అరటి బోదె మీద రాశాను. పిప్పి వంతు ఇన్నాళ్లకు వచ్చింది.

పిప్పి అనగానే నా కళ్లలో మెదిలేది అనకాపల్లి వైపు బెల్లం గానుగే. గానుగలోంచి వచ్చిన పిప్పిని ఆడవాళ్లు తట్టలకెత్తి కళ్లంలో పలచగా పరిచేవారు. మధ్యాహ్నం తిరగేసేవారు. బాగా ఎండితే గానీ పొయ్యి దగ్గరకు రానిచ్చేవారు కాదు. పొయ్యి ఎగదోసే మనిషి గుప్పెడు తీసి నలిపి చూసేవాడు. పెళపెళ విరిగితే సరే, మెత్తగా నలిగితే వెనక్కి. తడి పిప్పి పొగ పెడుతుంది, మంట నిలవదు, పాకం సమయానికి రాదు, బెల్లం నల్లబడుతుంది. పెనం దగ్గర పాకం చూసే పెద్దాయనా, కింద గోతిలో కూర్చుని పిప్పి ఎగదోసేవాడూ ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పని నడిపేవారు. "మంట తగ్గించరా" అని పైనుంచి కేక, "అలాగే మావా" అని కిందనుంచి. బెల్లం రుచి పాకం చూసినవాడిదే అని ఊరు అనేది. సగం కిందనున్నవాడిదని ఇప్పటికీ నా నమ్మకం.

మిల్లు లెక్క వేరు. టన్ను చెరకు ఆడితే 250 నుంచి 300 కిలోల పిప్పి వస్తుంది, అందులో దాదాపు సగం తడే. చాలా భాగాన్ని మిల్లే బాయిలర్లో కాల్చి ఆవిరి, కరెంటు తీసుకుంటుంది. మిగిలింది కాగితానికీ అట్టలకీ పళ్లేలకీ పోతుంది. తమిళనాడులో కరూరు దగ్గరి కాగితపురం మిల్లు 1980ల నుంచి పిప్పితో కాగితం చేస్తోంది. చెరకు ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. కాగితం మిల్లు మాత్రం ఏడాది పొడుగునా నడవాలి. అందుకని పిప్పి నెలల తరబడి గుట్టల్లో పడి ఉంటుంది. అందులో మిగిలిన తీపి పులుస్తుంది, గుట్ట లోపల వేడెక్కుతుంది, ఆ వేడికే పెరిగే సూక్ష్మజీవులు పుడతాయి. ఆరిన గుట్టను విప్పిన రోజు అవి దుమ్ముతో పాటు లేస్తాయి. పీల్చినవాడికి కొన్ని గంటల్లో చలి, జ్వరం, దగ్గు, ఆయాసం.

ఈ జబ్బు పేరు బగాసోసిస్. అమెరికాలోని లూసియానాలో 1941లో బయటపడింది. మన దేశంలో కలకత్తా దగ్గరి అట్టల కర్మాగారంలో గాంగూలీ, పాల్ అనే వైద్యులు 1955లో నమోదు చేశారు. దుమ్ముకు దూరమైతే తగ్గుతుంది, మళ్లీ పనిలో చేరితే మళ్లీ వస్తుంది. ఏళ్ల తరబడి అలాగే సాగితే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి.

గానుగ ఎరిగినవారెవరైనా పిప్పిని ఎండబెట్టమనే అంటారు. వేల టన్నులను ఏ కళ్లంలో పరుస్తాం? పైన ఆరినా నడుమ ఆరదు. వైద్య పుస్తకాలు చెప్పేది సరిగ్గా దీనికి తలకిందులు: తేమ 20 శాతానికి తగ్గనివ్వకూడదు, 2 శాతం ప్రొపియోనిక్ ఆమ్లం చల్లాలి. అప్పుడు దుమ్ము లేవదు, బూజు పెరగదు. గుట్టలను నీళ్లతో తడుపుతూనే ఉంచే పద్ధతి కాగితం మిల్లుల్లో ఉంది. నీటి వృథా మీద ఇన్నేళ్లుగా రాస్తున్నవాణ్ణి, అయినా ఆ నీళ్లు పోయాల్సిందే అంటాను. గుట్ట నుంచి కారిన నీటిని శుద్ధి చేసి మళ్లీ గుట్టకే వాడాలి, పంట కాలువలోకి వదలకూడదు.

పని వల్ల వచ్చే జబ్బులకు పరిహారం ఇప్పించే సామాజిక భద్రతా కోడ్ మూడో షెడ్యూలులో ఈ జబ్బు పేరుంది. కానీ గుట్ట విప్పిన కాంట్రాక్టు కూలీకి జ్వరం ఇంటికెళ్లాక, రాత్రి వస్తుంది. తెల్లారి ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తాడు. ఏం పని చేస్తున్నావని ఆయన అడగకపోతే షెడ్యూలు ఉన్నా లేనట్టే. పిప్పి నిలవచేసే మిల్లులున్న మండలాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చీటీ మీద రోగి పేరు, వయసు పక్కనే చేసే పని కూడా రాయించాలి. ఈ సీజను మొదలయ్యేలోపే రాయించాలి.