పిన్ను కుదిర్చే చెయ్యి

2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక ఎత్తింది జేసీబీలు. వాటిని నడిచేలా ఉంచిన మెకానిక్కులకూ ఆ పుణ్యంలో వాటా ఉంది. బోథ్ ప్రాంతపు నల్లమట్టి, ఇసుక గ్రీజులో కలిశాయంటే సానరాయే. జేసీబీ కీలులోని పిన్ను, బుష్ అరిగి బకెట్ ఊగుతుంది. కొత్త పిన్ను దిగ్గొడితే సరిపోదు. పిన్ను రంధ్రమే కోలగా సాగి ఉంటుంది. దాన్ని వెల్డింగుతో నింపి, బోరింగ్ బారును పిన్ను పట్టే రెండు చెవులకూ ఒకే గీతలో నిలిపి, మళ్లీ గుండ్రంగా కోస్తారు. నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని: వేలు లోపల తిప్పి చూసి, గరుకు తగిలితే ఇంకో కోత. కొలత కుదిరితే బుష్ బిగుతుగా కూర్చుంటుంది, పిన్ను మాత్రం తేలిగ్గా జారుతుంది. ఇది పెద్ద విద్య. ఓనర్లూ, ఈ కూలి దగ్గర బేరమాడకండి. డ్రైవరన్నలూ, రోజూ పొద్దున్నే గ్రీజు కొట్టండి.