కొలత నాది, ఎంపిక దానిది

పదకొండేళ్ల పిల్ల ఒకతి ఉందని మన బట్టల షాపులకు తెలియదు. పిల్లల విభాగంలోకి వెళితే యూనికార్న్ బొమ్మల టీషర్టులు, మూడు వరసల కుచ్చుల గౌన్లు, గరగరలాడే నెట్ ఫ్రాకులు. వాటిని మా అమ్మాయి దూరం నుంచే చూసి, "అవి చిన్నపిల్లలవమ్మా" అంటుంది. సరేనని ఒక అంతస్తు ఎక్కి ఆడవాళ్ల విభాగానికి వెళితే, అక్కడున్న అన్నిటికన్నా చిన్న కుర్తీ కూడా భుజాల మీంచి జారిపోతుంది. సేల్స్ అమ్మాయి "ఏడాదాగితే సరిపోతుంది మేడమ్" అని ధైర్యం చెబుతుంది. ఆ ఏడాదంతా పిల్ల ఏం వేసుకోవాలో మాత్రం చెప్పదు.

మా అమ్మ తరానికి ఈ చిక్కు లేదు. గౌను, తర్వాత పరికిణీ జాకెట్టు, ఆ మీదట ఓణీ, చివరికి చీర. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు, గుడ్డ కూడా వాళ్లే తెచ్చేవారు. పిల్లకి నచ్చిందా అని అడిగే అలవాటే లేదు. మా తరానికి పంజాబీ డ్రెస్సులొచ్చి కొంచెం గాలి ఆడింది. ఇప్పుడు ఆ వరసంతా ఓణీల ఫంక్షన్ ఫొటోల్లోనే కనిపిస్తోంది. మిగతా రోజుల్లో ఏం వేసుకోవాలన్నది ప్రతి ఇంట్లో తల్లీకూతుళ్లు తేల్చుకోవాల్సిందే. చాలా ఇళ్లలో అది షాపు మధ్యలో, ట్రయల్ రూమ్ తలుపు దగ్గర, గొంతులు పెరిగాక తేలుతోంది.

నాకు అర్థమైనంతలో ఇందులో రెండు పనులున్నాయి. కొలత, గుడ్డ, కుట్టు, ఖర్చు చూడటం పెద్దవాళ్ల పని. రంగు, తీరు, దేని మీద ఏది వేసుకోవాలన్నది పిల్ల పని. పుర్రెకో బుద్ధి అన్నారు కాబట్టి రెండో పనిలో నేను వేలు పెట్టను. మొదటి పని మాత్రం దానికి వదలను. అందులో నేర్చుకోవాల్సిన పనితనం చాలా ఉంది.

అసలు పిల్లకి ఏం ఇష్టమో తెలుసుకోవడం దగ్గరే మొదటి ముడి. "నీకెలాంటివి కావాలే?" అని అడిగితే "ఏమో" అంటుంది, లేకపోతే నిన్న రాత్రి ఫోన్లో చూసిన రీల్ చూపిస్తుంది. అందుకే నేను దండెం చూస్తాను. అల్మారాలో ఉండేవన్నీ మనం కొన్నవి, చుట్టాలు పెట్టినవి. వారం వారం ఉతుక్కి వచ్చి దండెం ఎక్కేవే పిల్ల ఎంచుకున్నవి. మా దండెం మీద ఎప్పుడూ ఉండేవి: పొడుగు చేతుల నల్ల టీషర్టు, దాని తోబుట్టువులా మెడ సాగిపోయిన ఇంకో నల్ల టీషర్టు, నేవీ బ్లూ కార్గో ప్యాంటు, మా వారి పాత గళ్ల చొక్కా. ముదురు రంగులు, వదులు, జేబులు. కుచ్చు, మెరుపు మచ్చుకి కూడా లేవు. అది ఎన్నడూ నోటితో చెప్పని సంగతంతా అక్కడ వరసగా ఆరుతోంది.

ఏటా జూన్‌లో బళ్లు తెరిచే ముందు అల్మారా అంతా మంచం మీద కుమ్మరిస్తాం. పొట్టివైనవి ఒక కుప్ప, వేసుకుంటున్నవి ఒక కుప్ప. మూడోది బాగానే ఉండి, సరిపోతూ కూడా ముట్టుకోనివి. అసలు పనంతా ఈ మూడో కుప్ప దగ్గరే. "ఇంత డబ్బు పోసి కొంటే ఎందుకు వేసుకోవు?" అంటే తగువు తప్ప సమాధానం రాదు. "ఎక్కడ ఇబ్బంది?" అని అడిగితే చటుక్కున చెప్పేస్తుంది. "చంక దగ్గర పట్టేస్తుంది." "మెడ వెనక లేబుల్ గీరుతుంది." "ఇది నడుం దగ్గర గుచ్చుతుంది."

గుచ్చుతుందన్న పట్టు జాకెట్టుని తిరగేసి చూడండి. పైకి ముచ్చటగా కనిపించే జరీ పువ్వు వెనక పోగులు తేలుతూ ఉంటాయి. ఎంబ్రాయిడరీ కింద గట్టి గుడ్డ కత్తిరించిన అంచు సరిగ్గా చర్మానికి తగులుతుంది. నెట్ గౌనుకైతే నడుం దగ్గర నాలుగు పొరలు కలిపిన కుట్టు లోపలివైపు గీరుతుంటుంది. బయటి నుంచి చూసే మనకి అందం, లోపలున్న పిల్లకి దురద. పెంకితనం అనుకునే వాటిలో సగం మెత్తటి కాటన్ లైనింగ్‌తో తీరిపోతుంది. లైనింగ్ వేశాక కూడా వద్దంటే అప్పుడది ఇష్టానికి సంబంధించిన మాట. ఇక బలవంతం చేయకూడదు.

కుప్పల్లో ఏదీ పిల్లతో చెప్పకుండా ఇల్లు దాటకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలో కేకేసినప్పుడు చేతికందినవి పడేయాలనిపిస్తుంది. కానీ మన కంటికి పీలికలా కనిపించే టీషర్టు దానికి ఏ స్నేహితురాలి పుట్టినరోజు గుర్తో మనకేం తెలుసు? అడిగితే చాలావరకు ఇచ్చేస్తుంది. అడక్కుండా ఇచ్చేస్తే పదేళ్ల తర్వాత కూడా దెప్పుతుంది.

ఇక కొలత. ఆడపిల్లలు సాధారణంగా పది, పన్నెండేళ్ల మధ్య ఒక్కసారిగా సాగుతారు. జోరుగా పెరిగే ఏడాదిలో 8 సెంటీమీటర్ల దాకా, అంటే మూడంగుళాలు పెరగొచ్చు. మగపిల్లలకు ఈ జోరు ఇంచుమించు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, ఆ తర్వాతే నడుం పైభాగం పెరుగుతాయి. అందుకే చెప్పులు, ప్యాంట్లు ముందు చాలకుండా పోతాయి, చొక్కాలు ఇంకొన్నాళ్లు ఆడతాయి. ఈ వరస తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ప్యాంట్లు తక్కువ కొనాలి. కాలి చివర లోపలికి రెండంగుళాల మడత, నడుం లోపల బొత్తాలతో బిగించుకునే ఎలాస్టిక్ ఉన్నవి చూసుకోవాలి. కాస్త ఖరీదైనా మంచి గుడ్డ చొక్కాలకే పెట్టాలి. మా అమ్మమ్మ పావడా అంచుకి పైన రెండు వరసల మడత కుట్టించి, ఏడాదికో వరస విప్పించేది. ఆవిడకి సెంటీమీటర్లు తెలియవు గాని లెక్క తెలుసు.

షాపు లేబుళ్ల మీద "11-12 ఏళ్లు" అని ఉంటుంది. ఎవరి పదకొండేళ్లు? ఒక కంపెనీ పదకొండు ఇంకో కంపెనీకి తొమ్మిది. మన వాళ్ల ఒంటి కొలతలతోనే సైజుల పట్టిక తయారు చేయాలని కేంద్ర జౌళి శాఖ పూనుకుంటే, నిఫ్ట్ సంస్థ 'ఇండియాసైజ్' పేరుతో సర్వే చేపట్టింది. ఆరు నగరాల్లో 25 వేల మందిని కొలవాలన్నది ప్రణాళిక. అందులో మన హైదరాబాదు కూడా ఉంది. సంతోషిస్తూ వివరాలు చదివితే, వాళ్లు తీసుకున్న వయసు 15 నుంచి 65. మా పిల్ల అక్కడా లెక్కలో లేదు!

కాబట్టి మన టేపు మనం పట్టుకెళ్లాలి. దండెం మీద రోజూ కనిపించే ప్యాంటుని నేల మీద పరిచి నడుం, తొడ దగ్గర వెడల్పు, లోపలి కుట్టు వెంట కాలి పొడవు కొలిచి కాగితం మీద రాసుకుంటాను. షాపులో ఆ కాగితమే మాకు సైజు. ట్రయల్ రూమ్‌లోంచి బయటికి వచ్చాక అద్దం ముందు నిలబెట్టి "బాగుందా?" అని అడగను. చేతులు పైకెత్తమంటాను, బాసింపట్టు వేసుకుని కూర్చోమంటాను, సైకిలెక్కినట్టు కాలెత్తమంటాను. ఈ మూడూ చేసి ఎక్కడా లాక్కోకపోతే నా వైపు నుంచి సంతకం అయినట్టే. బాగుందా లేదా అన్నది అదే చూసుకుంటుంది.

ఈ వయసులో వదులు చొక్కా కావాలంటే అది ఫ్యాషన్ కావచ్చు, మారుతున్న ఒంటిని దాచుకోవాలన్న ఆరాటం కావచ్చు. ఏదో తేల్చి చెప్పమని నిలదీయకూడదు. షిమ్మీల రోజులు అయిపోతున్నాయనిపించినప్పుడు హుక్కుల్లేని మెత్తటి కాటన్‌వి రెండు తెచ్చి, దాని అరలో పెట్టి, ఒంటరిగా ఉన్నప్పుడు ఒక్క ముక్క చెబితే చాలు. కౌంటర్ దగ్గర నలుగురిలో ఆ ప్రసక్తి తేకూడదు. లోపలిది హాయిగా అమరితే పైన ఏం వేసుకోవాలన్న నిర్ణయం భయంతో కాకుండా ఇష్టంతో జరుగుతుంది.

రెడీమేడ్‌లో దొరకనప్పుడు మనకి ఇంకో దారి ఉంది. అదే టైలర్. ఈసారి విజయవాడ వస్త్రలతలో గుడ్డ తీశాం. ఒక కొట్లో మంగళగిరి కాటన్ తానులు వరసగా పరిచారు. మంగళగిరి నేతకి ఒంటి మీద బుటాలుండవు, సొగసంతా అంచులోనే. కుచ్చులూ మెరుపులూ వద్దనే పిల్లకి అంతకన్నా ఏం కావాలి? నేను మామిడిపండు రంగు మీద చెయ్యి వేసేలోగా అది సన్నటి నల్లంచున్న బూడిద రంగు తాను లాగింది. రెండు మీటర్లు కోయించి, ఇంటికొచ్చి ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేశాను. కాటన్ ఎంత కుంచించుకుపోవాలో కుట్టుకి ముందే పోవాలి.

టైలరమ్మ గుడ్డ చూసి మురిసిపోయింది. "అంచు కింద కనబడేలా అనార్కలీ కుడతానమ్మా, ఎంత బావుంటుందో!"

"చొక్కా కావాలాంటీ. కాలర్‌తో. రెండు పక్కలా జేబులు," అంది మా అమ్మాయి.

"ఇంత మంచి గుడ్డకి చొక్కా ఏంటే?" అంటూ ఆవిడ నా వైపు చూసింది. "అదెలా చెబితే అలాగేనండి" అన్నాను.

అంచు ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. పిల్ల కాసేపు ఆలోచించి, బొత్తాల పట్టీకి నిలువునా ఒకటి, చేతుల చివర ఒకటి వేయమంది. టైలరమ్మ ఈసారి నా వైపు చూడలేదు. గుడ్డని మడత పెట్టి చూసుకుని, "వస్తుంది" అంది. తర్వాత పిల్ల అరచేతిని గుడ్డ మీద బోర్లా పెట్టించి, సుద్దతో దాని చుట్టూ గీసి, ఆ గీతకి అంగుళం బయటగా జేబు గీసింది. పక్క కుట్టులో కలిసిపోయే జేబు కాబట్టి బయటికి కనబడదు. కిందకి వేలాడకుండా పై అంచుని లోపల ఇంకో పట్టీకి పట్టించింది. నా వంతు వచ్చినప్పుడు రెండే మాటలు చెప్పాను: పక్కల్లో అంగుళం వదలండి, చేతులకి రెండంగుళాలు లోపలికి మడవండి.

అన్నీ పిల్ల ఇష్టానికే వదిలేస్తున్నామని మా ఇంటికొచ్చేవాళ్లు అనుకుంటారు. నిజానికి గీతలు గట్టిగానే ఉన్నాయి. యూనిఫామ్, లోపలి బట్టలు, చెప్పులు నా ఖర్చు. మిగతావాటికి ఇంత అని ముందే చెబుతాను. ఆ డబ్బుతో ఒక ఖరీదైన ప్యాంటు కొంటుందో, మూడు మామూలువి కొంటుందో దాని ఇష్టం. రీల్స్‌లో చూసి ఏదైనా అడిగితే కాదనను. ఇంట్లో ఉన్నవాటిలో దానితో కలిపి వేసుకునేవి మూడు చూపించమంటాను. చూపించిందంటే కొంటాం. చాలాసార్లు రెండోదానికే ఆగిపోయి, తనే నవ్వేసి వదిలేస్తుంది.

పండగలకీ పెళ్లిళ్లకీ పెద్దవాళ్ల మాట కొంత చెల్లాలి. రేపు ఓణీలు చేస్తే మేనమామ పెట్టే ఓణీ వేసుకోవాల్సిందే, అందులో బేరం లేదు. రంగు మాత్రం ముందే దానితో మాట్లాడమని మా తమ్ముడికి చెప్పి ఉంచాను. మా అత్తగారికి ఇంకా దిగులే. "ఆడపిల్ల ఒంటిమీద కాస్త రంగుండొద్దూ?" అన్నారు మొన్న. "నాయనమ్మా, నీకు ఎన్ని పట్టుచీరలు పెట్టినా బీరువాలో దాచేసి నేతచీరే కడతావుగా" అంది మనవరాలు. ఆవిడ ఏమీ అనలేదు. చొక్కా కుట్టి వచ్చిన రోజు కొత్త బట్టకి పసుపు పెట్టడానికి తీసుకున్నారు. ఎప్పుడూ కొసకి ఎదురుగా కనిపించేలా పెట్టే మనిషి, ఈసారి కాలర్ పైకెత్తి లోపలివైపు పెట్టి ఇచ్చారు.

ఆ బూడిద రంగు నాకు ఇప్పటికీ నచ్చలేదు. నచ్చాల్సిన పనీ లేదు, వేసుకునేది నేను కాదు. చంకల్లో పట్టడం లేదు, ఉతికితే రంగు దిగడం లేదు, చేతుల మడత విప్పితే వచ్చే ఏడాదికీ సరిపోతుంది. నా పూచీ అంతవరకే.